మెషిన్లు వచ్చాయిగా, ఇంకా మేమెందుకు చెత్త వేరు చేయాలి?

నేను కంకిపాడు నుంచి మాట్లాడుతున్నా. వెనకాల హారన్లు వినపడితే ఏమనుకోకండి. మా కొట్టు బందరు రోడ్డు పక్కనే. లారీలు ఆగాక ఎపిసోడ్ తీద్దామంటే ఈ జన్మకి తీయలేను.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. చదువుతా, వినండి. "అన్నా, చెత్త వేరు చేసే మెషిన్లు వచ్చేశాయి కదా. జల్లించేవి ఉన్నాయి, ముక్కలు చేసేవి ఉన్నాయి, కెమెరాతో చూసి ఏరేవి కూడా ఉన్నాయి. మరి మా అమ్మ ఇంకా తడి చెత్త బకెట్టు, పొడి చెత్త బకెట్టు అని మా ప్రాణం తీస్తుంది ఎందుకు?"

దీనికి వచ్చిన లైకులు నా వీడియోకి రాలేదు. సరే. తమ్ముడూ, నీ ప్రశ్న మంచిదే. మూడేళ్ల కిందట నన్నడిగితే నేనూ నీలాగే అనేవాణ్ణి. ఇప్పుడు ఎందుకు అనలేకపోతున్నానో ఈ ఎపిసోడ్‌లో చెబుతా. మధ్యలో మా బాబాయి చేతి సంగతి కూడా వస్తుంది. దాన్ని చెప్పొచ్చా అని ఆయన్నే అడిగాను. "చెప్పరా, నలుగురికి పనికొస్తే చెప్పు" అన్నాడు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మాది పాత సామాన్ల కొట్టు. అట్టలు, సీసాలు, ఇనుము, ప్లాస్టిక్ కొంటాం, వేరు చేస్తాం, విజయవాడలో పెద్ద వ్యాపారులకి వేస్తాం. బాబాయిది ముప్పై ఏళ్ల అనుభవం. నేను డిప్లొమా అయ్యాక ఇందులోకి వచ్చా. మా పిన్ని పంచాయతీ తరఫున చెత్త బండితో ఇంటింటికీ వెళ్తుంది. అంటే మా ఇంట్లో ముగ్గురం చెత్త మీదే బతుకుతున్నాం. సిగ్గేం లేదు.

ఇప్పుడు మెషిన్ల దగ్గరికొద్దాం. పేర్లు వింటే ఏదో రాకెట్ సైన్స్ లాగా ఉంటాయి. ట్రామెల్, ఎయిర్ క్లాసిఫయర్, ఆప్టికల్ సార్టర్, ష్రెడ్డర్. కానీ ఒక్కసారి మీ నాయనమ్మనో అమ్మమ్మనో తలుచుకోండి. బియ్యం వండే ముందు ఏం చేసేది? రాళ్లు ఏరేది. చేటలో వేసి చెరిగేది. పిండి అయితే జల్లించేది. కడిగేటప్పుడు గాలించేది. ఈ నాలుగు పనులూ మీకు అర్థమైతే ఈ మెషిన్లన్నీ అర్థమైపోయినట్టే.

మొదటిది, జల్లించడం. ట్రామెల్ అంటే పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము. ఒంటినిండా చిల్లులు. కొంచెం వాలుగా పెట్టి మోటారుతో తిప్పుతారు. ఎగువన చెత్త పోస్తే అది దొర్లుకుంటూ కిందికి వస్తుంది. మట్టి, సన్న ముక్కలు చిల్లుల్లోంచి రాలిపోతాయి. సంచులు, చెప్పులు, గుడ్డలు, సీసాలు చివరిదాకా వెళ్లి బయటపడతాయి. చిన్న చిల్లులు, పెద్ద చిల్లులు ఉన్న రెండు మూడు డ్రమ్ములు వరసగా పెడితే సైజుల వారీగా విడిపోతుంది. జల్లెడే. కాకపోతే గదంత జల్లెడ.

రెండోది, చెరగడం. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూశారా? గాలికి పొట్టు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది. ఎయిర్ క్లాసిఫయర్ చేసేది అంతే. బ్లోయర్ గాలి కొడుతుంది. కవర్లు, కాగితాలు ఎగిరి అవతల పడతాయి. రాయి, గాజు, ఇనుము ఇవతల పడతాయి. ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కదా, దానికి వేరే మెషిన్ ఉంది. వేగంగా మారే అయస్కాంత శక్తితో కూల్‌డ్రింక్ డబ్బాని బెల్టు మీద నుంచి ముందుకి ఎగరేస్తుంది. చూడ్డానికి మ్యాజిక్ లాగా ఉంటుంది.

మూడోది, గాలించడం. ఇది మీ ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. గ్లాసులో నీళ్లు. వాటర్ బాటిల్ మూత నుంచి ఒక ముక్క, అదే బాటిల్ ఒంట్లోంచి ఒక ముక్క కత్తిరించా. రెండూ వేస్తున్నా. చూశారా? మూత ముక్క తేలింది, బాటిల్ ముక్క మునిగింది. ఎందుకంటే ఒకే సీసా అయినా రెండూ వేరు వేరు ప్లాస్టిక్కులు. బాటిల్ ఏమో పెట్, నీటికన్నా బరువు. మూత ఏమో పీపీ లేదా హెచ్‌డీపీఈ, నీటికన్నా తేలిక. రీసైక్లింగ్ ప్లాంట్లలో పెద్ద నీళ్ల తొట్లు పెట్టి ఇలాగే విడదీస్తారు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. పీవీసీ కూడా పెట్ లాగే మునుగుతుంది. ఆ రెండూ కలిస్తే నీళ్లు విడదీయలేవు. పెట్ కరిగించేటప్పుడు పీవీసీ కొంచెం కలిసినా సరుకు రంగు మారి పాడైపోతుంది.

నాలుగోది, ఏరడం. మన కృష్ణా జిల్లాలో సార్టెక్స్ బియ్యం అనే మాట తెలియనివాళ్లు ఉండరు. సార్టెక్స్ అంటే రైస్ మిల్లులో ఉండే కలర్ సార్టర్. గింజలు జారి పడుతుంటే కెమెరా ఒక్కో గింజనీ చూస్తుంది. నల్ల గింజ కనపడిందంటే గాలి పిచికారీతో టప్పున పక్కకి కొడుతుంది. చెత్తలో వాడే ఆప్టికల్ సార్టర్ దాని చుట్టమే. ఇది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తుంది. తిరిగొచ్చే కాంతిని బట్టి ఇది పెట్, ఇది పీపీ అని గుర్తుపట్టి ఎగరేస్తుంది.

అబ్బో అనిపించిందా? నాకూ అనిపించింది. ఇప్పుడు దాని బలహీనత చెబుతా. నల్ల ప్లాస్టిక్ దానికి కనపడదు. నల్లరంగు కోసం కలిపే కార్బన్ పొడి ఆ కాంతిని మింగేస్తుంది. తిరిగి రావడానికి ఏమీ ఉండదు. మీరు బిర్యానీ పార్సిల్ తెప్పించుకుంటే వచ్చే నల్ల డబ్బా గుర్తొచ్చిందా? లక్షలు పోసి కొన్న మెషిన్ ముందు నుంచి ఆ డబ్బా దర్జాగా వెళ్లిపోతుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది కదా. ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు చెబుతా. తడి పిండి ఎప్పుడైనా జల్లించారా? పోనీ, ముసురు పట్టినప్పుడు తూర్పారబట్టారా? జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి. పొట్టు గింజకి అంటుకుని ఎగరదు. చెత్తకీ అంతే. సాంబారు, అన్నం, పాలు, కూరగాయల తొక్కలు కాగితంతో, కవర్లతో కలిస్తే ట్రామెల్ చిల్లులు మూసుకుపోతాయి. కవరు బరువెక్కి గాలికి ఎగరదు. పప్పు అంటిన సీసాని కెమెరా సరిగా పోల్చుకోలేదు. మన దేశంలో ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో సుమారు సగం తడి చెత్తే. మెషిన్ సైజుని చూడగలదు, బరువుని చూడగలదు, రంగుని చూడగలదు. అట్టలోకి ఇంకిపోయిన పెరుగుని మాత్రం వెనక్కి తీయలేదు. ఆ పని చేయగల టైమ్ ఒక్కటే ఉంది. ఆ పెరుగు అట్ట మీద పడకముందు, మీ వంటింట్లో.

ఇక ష్రెడ్డర్. అంటే ముక్కలు చేసే మెషిన్. ఇందులో రెండు రకాలు బాగా వాడకంలో ఉన్నాయి. ఒకటి, మా లాంటి కొట్లలో ఉండేది. గ్రైండర్ అంటాం. వేగంగా తిరిగే బ్లేడ్లు, కింద జాలీ. ప్లాస్టిక్ చిన్న పలుకులైతే గానీ జాలీలోంచి దిగదు. రెండోది డబుల్ షాఫ్ట్ ష్రెడ్డర్. ఎదురెదురుగా రెండు ఇరుసులు, వాటి మీద కొక్కేల్లాంటి మందపాటి బ్లేడ్లు. చాలా నెమ్మదిగా తిరుగుతాయి, చెరుకు రసం మిషన్ లాగా. కానీ బలం ఎక్కువ. డ్రమ్ములు, టైర్లు, పరుపులు కూడా చీల్చేస్తుంది.

ముక్కలు ఎందుకు చేయాలి? ఒకటి, జాగా. ఖాళీ సీసాలు లారీకి ఎత్తితే మోసేది గాలినే. ముక్కలు చేస్తే అదే లారీలో ఎన్నో రెట్లు సరుకు పడుతుంది. రెండు, తర్వాత కడగాలన్నా కరిగించాలన్నా ముక్కలుగానే ఉండాలి.

అయితే ముక్కలు చేసే ముందే ఏరాలి. బియ్యం పిండి పట్టించాక రాయి ఏరగలమా? ముక్క అయిందంటే దాని పేరు పోయినట్టే. సీసాగా ఉన్నప్పుడు బాబాయి చేత్తో నొక్కి, చప్పుడు విని, ఇది పీవీసీ, ఇది పెట్ అని చెబుతాడు. పలుకు అయ్యాక బాబాయి కూడా చెప్పలేడు.

సరే, ఇప్పుడు బాబాయి సంగతి.

మూడేళ్ల కిందట ఆటోనగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ గ్రైండర్ దొరికింది. పది హార్స్‌పవర్ మోటారు. పిన్ని గొలుసు తాకట్టు పెట్టి తెచ్చాం. దానితో వచ్చిన స్టార్టర్ పాడైపోయింది. కొత్తది కొంటే కొన్ని వేలు. నేను డిప్లొమా చదివినవాణ్ణి కదా, నాకన్నీ తెలుసు కదా. స్టార్టర్ పక్కన పెట్టి, స్విచ్ నుంచి మోటారుకి డైరెక్టుగా కనెక్షన్ ఇచ్చేశాను. మెషిన్ తిరిగింది. డబ్బు మిగిలింది. బాబాయి భుజం తట్టాడు. నేను ఎగిరిపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం గోతాల్లో వచ్చిన సరుకు వేస్తున్నాం. పొడి చెత్త అని వచ్చిన గోతాలే. రోజూ అయితే మొత్తం నేల మీద కుమ్మరించి ఏరి వేస్తాం. ఆ రోజు వాన వచ్చేలా ఉంది, లారీ మనిషి తొందర పెడుతున్నాడు. రెండు గోతాలు ఏరకుండానే పోశాం. ఒకదాంట్లో పాత చీర ముక్క ఉంది. కూర ఒలికితే తుడిచి, ప్లాస్టిక్ డబ్బాలతో పాటు కట్టి పడేసినట్టున్నారు. చీర వెళ్లి ఇరుసుకి చుట్టుకుంది. మెషిన్ మూలిగి ఆగింది. సరిగ్గా అప్పుడే కరెంటు కూడా పోయింది.

బాబాయి "మంచిదేలేరా, కరెంటు వచ్చేలోపు ఈ గుడ్డ లాగేద్దాం" అన్నాడు. "మెయిన్ ఆపావా?" అని అడిగాడు. నేను ఆపానన్నాను.

ఆపలేదు. నా చేతిలో ఫోన్ ఉంది. రీల్ చూస్తున్నా. అడిగింది చెవిలో పడింది, నోరు జవాబు చెప్పింది, చెయ్యి మాత్రం స్విచ్ దాకా వెళ్లలేదు.

కరెంటు వచ్చింది.

ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు. రెండూ మధ్య కణుపు దాకా పోయాయి. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి అతికించే పరిస్థితి లేదన్నారు.

ఇక్కడ టెక్నికల్ విషయం ఒకటి చెప్పాలి. ఎందుకంటే మీలో కొందరి ఇళ్లలో పిండిమర ఉంటుంది, గడ్డి కత్తిరించే మిషన్ ఉంటుంది, బోరు మోటారు ఉంటుంది. సరైన స్టార్టర్ ఉంటే కరెంటు పోగానే లోపల కాయిల్ వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా పచ్చ బటన్ ఎవరో ఒకరు నొక్కితేనే మోటారు తిరుగుతుంది. దాని అసలు ప్రయోజనాల్లో అదొకటి. నేను పీకేసింది దాన్నే. కాలేజీలో అదే స్టార్టర్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

ఆ చీర ఎవరిదో మాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. పారేసినవాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. వాళ్లకి చెత్త అంటే గడప దాటితే అయిపోయే విషయం. తప్పు లెక్కేస్తే అందులో నా వాటానే ఎక్కువ. స్టార్టర్ నాది, స్విచ్ నాది, ఫోన్ నాది. కానీ ఆ మధ్యాహ్నం మా మెషిన్ ఆగింది ఒక గుడ్డ ముక్క వల్ల. తప్పు బకెట్టులో పడ్డ గుడ్డ ముక్క. తమ్ముడూ, నీ ప్రశ్నకి మిగతా సగం జవాబు ఇదే. నువ్వు ఏరకపోతే మెషిన్ ఏరదు. మెషిన్ ముందు నిలబడ్డ మనిషి చేత్తో ఏరతాడు. ఆగిపోయిన మెషిన్లోంచి కూడా చేత్తోనే ఏరతాడు.

సరే. కాస్త మంచినీళ్లు తాగి వస్తా.

ఇది మా ఒక్క కొట్టు గొడవే అనుకోకండి. విజయవాడ వైపు చూద్దాం. అజిత్‌సింగ్‌నగర్‌లో ఎక్సెల్ ప్లాంట్ అని పిలిచే డంపింగ్ యార్డు గురించి అక్కడివాళ్లని అడగండి. ఏళ్ల తరబడి ఊరి చెత్తంతా అక్కడ కొండలాగా పేరుకుంది. ఆ తర్వాత దాన్ని బయోమైనింగ్ చేశారు. అంటే కొండని తవ్వి, తిరగేసి, ఆరబెట్టి, ట్రామెల్స్‌లో జల్లించారు. మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు, ప్లాస్టిక్, గుడ్డలు ఒకవైపు. లక్షల టన్నుల చెత్త. పారేసినప్పుడు ఇంటి దగ్గర వేరు చేసి ఉంటే అది కొండ అయ్యేదే కాదు. పాతికేళ్ల కిందట రెండు నిమిషాల్లో అయ్యే పనిని మెషిన్లు పెట్టి, కోట్లు పెట్టి చేశారు.

స్టేట్ మొత్తం చూస్తే ఇలాంటి గుట్టలు ఎన్నో ఉండేవి. 2024 అక్టోబరు 2న మన బందరులోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు అని ప్రకటించారు. అదే రోజు, రాష్ట్రంలో పేరుకున్న 85 లక్షల టన్నుల పాత చెత్తని ఏడాదిలో తొలగించాలని కూడా చెప్పారు. 85 లక్షల టన్నులు. పది టన్నుల లారీలైతే ఎనిమిదిన్నర లక్షల లారీలు.

దానికి నెల ముందు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది గుర్తుందా? సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. నీళ్లు తీశాక వీధుల్లో పరుపులు, సోఫాలు, చెక్క బీరువాలు, ఫ్రిజ్‌లు. జనం ఏళ్లపాటు కూడబెట్టుకున్న సంసారం అంతా రోడ్డు మీద చెత్త అయింది. నేను బాబాయితో వెళ్లి చూశాను. అక్కడ ఏరండి, వేరు చేయండి అని చెప్పే నోరు ఎవరికుంటుంది? అలాంటి రోజుకి పెద్ద ష్రెడ్డర్లు కావాలి. తడిసిన పరుపుని మనుషులు చీల్చలేరు. మెషిన్లు వద్దని నేను అనడం లేదు. మెషిన్ బలాన్ని అలాంటి రోజుకి దాచుకోవాలి. రోజూ మన బద్ధకం మీద ఖర్చు పెట్టకూడదు.

ఇప్పుడు చాలామంది అడిగే ఇంకో ప్రశ్న. ముక్కలు చేశాక ఎటు పోతుంది? మూడు దారులు చెబుతా.

ఒకటి, మళ్లీ ప్లాస్టిక్ అవుతుంది. శుభ్రంగా ఉన్న పెట్, హెచ్‌డీపీఈ, పీపీకి మార్కెట్ ఎప్పుడూ ఉంది. పెట్ పలుకుల నుంచి దారం తీస్తారు. మీరు వేసుకున్న టీషర్టులో పాత సీసాలు ఉండొచ్చు. శుభ్రమైన సరుక్కి పలికే రేటు మురికి సరుక్కి పలకదు. ఆ తేడాలోనే మా కొట్టు బతుకుతుంది.

రెండు, రోడ్డు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతి. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. కవర్లని కొన్ని మిల్లీమీటర్ల ముక్కలు చేసి, వేడి వేడి కంకర మీద చల్లుతారు. ప్లాస్టిక్ కరిగి కంకరకి పూతలాగా పడుతుంది. దాని మీద తారు కలుపుతారు. నీళ్లు లోపలికి దిగడం తగ్గుతుంది, రోడ్డు ఎక్కువ కాలం ఉంటుంది. కానీ అందులో పీవీసీ కలవకూడదు. వేడికి విషవాయువు వస్తుంది. మళ్లీ అక్కడికే వచ్చాం చూశారా? ముందు ఏరాలి.

మూడు, మంట. దేనికీ పనికిరాని చిప్స్ ప్యాకెట్లు, చిరిగిన గుడ్డలు ముక్కలు చేసి ఇంధనంగా వాడతారు. దాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. గుంటూరు దగ్గర చెత్తతో కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంట్ ఉంది. సిమెంట్ ఫ్యాక్టరీలు కూడా బొగ్గుతో పాటు వాడుకోవచ్చు. 2016 చెత్త నిర్వహణ నిబంధనల ప్రకారం, ఆర్‌డీఎఫ్ ప్లాంటుకి వంద కిలోమీటర్ల లోపు ఇంధనం వాడే పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీన్ని వాడాల్సి ఉండేది. మనకి జగ్గయ్యపేట వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా. కానీ తడి చెత్త కలిస్తే అది మండదు. పొయ్యిలో పచ్చికట్టె పెట్టినట్టే, వేడంతా నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది.

మరి తడి చెత్త? అది ఎరువు. మన డెల్టాలో వరి ఉంది, చెరుకు ఉంది, అరటి ఉంది, పసుపు ఉంది. నేలకి సేంద్రియ ఎరువు ఎంతైనా కావాలి. చెత్త ఎరువుని 4 మిల్లీమీటర్ల జల్లెడ పడితే కనీసం 90 శాతం కిందికి దిగాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. పేడ, తొక్కలు ఆ జల్లెడ దిగుతాయి. కానీ పగిలిన గాజు పెంకు కూడా దిగుతుంది తమ్ముడూ. సన్నటి ప్లాస్టిక్ పీలికా దిగుతుంది. అది పొలంలో పడ్డాక, నాట్లు వేసే ఆడవాళ్లు చెప్పుల్లేకుండా ఆ మడిలోనే దిగుతారు.

పల్లెల్లో కూడా ఇప్పుడు మెషిన్లు వస్తున్నాయి. చెత్త నుంచి సంపద కేంద్రాలు మీ ఊళ్లో చూసే ఉంటారు. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ప్లాస్టిక్ యూనిట్ కోసం బ్లాకుకి 16 లక్షల రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు చేశారు. దుమ్ము దులిపే మిషన్, ష్రెడ్డర్, కట్టలు కట్టే ప్రెస్ పెట్టుకోవచ్చు. మంచిదే. ఏ మిషన్ పెట్టినా దానికి మేత శుభ్రంగా రావాలి. మా పిన్ని అంటుంది కదా, "రెండు బకెట్లు ఇచ్చే ఇంటి దగ్గర నాకు అర నిమిషం. ఒకటే బకెట్టు ఇచ్చే ఇంటి దగ్గర మధ్యాహ్నం దాకా షెడ్డులో కూర్చుని ఏరాలి. ఆ ఇంటి చెత్తతో నేను అన్నం తినే టైమ్ పోతుంది" అని.

ఇంకొక్క విషయం. ఇది అచ్చంగా మీ కోసం, ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తున్న మీ కోసం. ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ, పాత పవర్ బ్యాంక్, చెవిలో పెట్టుకునే బడ్స్. వీటన్నిటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. అవి చెత్తబుట్టలో వేయకండి. ష్రెడ్డర్ బ్లేడు దాన్ని నలిపిందంటే లోపల షార్ట్ అయి మంట లేస్తుంది. చుట్టూ ఉండేది ఎండిన ప్లాస్టిక్, అట్టలు. మా కొట్లోనే ఒకసారి బొమ్మ కారు లోపలి బ్యాటరీ పొగ కక్కింది. ఇసుక బకెట్టు పక్కనే ఉంది కాబట్టి బతికాం. ఫోన్లు రిపేర్ చేసే కొట్టు వాళ్లనో, కొత్త ఫోన్ కొన్న షోరూమ్ వాళ్లనో అడగండి, పాతవి తీసుకుంటారేమో. 2022లో వచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీలని వెనక్కి సేకరించాల్సిన బాధ్యత తయారీదారులదే. దొరికేదాకా, బ్యాటరీ కొనలకి టేపు అంటించి విడిగా ఒక డబ్బాలో పెట్టుకోండి.

మరి మేం ఏం చేశాం? ఆ గ్రైండర్ అమ్మేశాం. ఏడాదిన్నర మెషిన్ లేకుండానే నడిపాం. ఈ నెలలోనే కొత్తది తెచ్చాం, డబుల్ షాఫ్ట్, చిన్న సైజు. ఇదిగో, నా వెనకాల నీలం రంగులో ఉన్నది. ఏదైనా అడ్డం పడితే దానంతట అదే ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. మూత తీస్తే మోటారు ఆగిపోతుంది. పోసే గొట్టం చెయ్యి లోపలికి అందనంత పొడుగు. కొనడానికి వెళ్లినప్పుడు షాపు ఆయన గంటకి ఎన్ని కిలోలు, ఎంత కరెంటు అని చెప్పుకుంటూ పోతున్నాడు. బాబాయి అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎర్ర బటన్ ఎక్కడ బాబూ?" ఎమర్జెన్సీ స్టాప్. దాన్ని మిగిలిన మూడు వేళ్లతో నొక్కి చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టాడు.

కొత్త మెషిన్ దగ్గర మాకు రెండు రూల్స్. ఏరకుండా ఒక్క గోతాం కూడా పోయకూడదు. లోపల చెయ్యి పెట్టాలంటే మెయిన్ ఆపి, బోర్డుకి తాళం వేసి, ఆ తాళంచెవి చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి. ఇంకెవరి జేబులోనూ కాదు. ఆపావా అని అడిగే పని లేదు. ఆపానని చెప్పే పని లేదు.

ఇంకోటి. మెషిన్ తిరిగినంతసేపు నా ఫోన్ అదిగో, ఆ గూట్లో ఉంటుంది.

సరే తమ్ముడూ, నువ్వు కామెంట్ పెట్టకపోతే ఈ ఎపిసోడ్ లేదు, థ్యాంక్స్. ఈ వారం ఒక పని చెయ్యి. ఆ రెండు బకెట్ల బాధ్యత అమ్మ దగ్గర నుంచి నువ్వు తీసుకో. ఒక వారమే. పాల ప్యాకెట్టు ఒకసారి నీళ్లతో కడిగి ఆరేయి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వు. పగిలిన గాజు విడిగా చుట్టి, చెత్త బండి వచ్చినప్పుడు "ఇందులో గాజు ఉందండీ" అని నోటితో చెప్పి ఇవ్వు. వారం తర్వాత బండి మీద వచ్చే అక్కని అడుగు, ఏమైనా తేడా తెలిసిందా అని. ఆవిడ ఏమందో కింద కామెంట్లో రాయి. ఒక్కోటీ చదువుతా. బాబాయికి కూడా చదివి వినిపిస్తా.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ నల్ల పార్సిల్ డబ్బా ఎటు పోతుందో వెంటపడి చూద్దాం. ఉంటా మరి. జాగ్రత్త.